మడత లైట్ బాక్సు లక్క బొమ్మలకు పనికివస్తుందా?

ఏటికొప్పాక లక్క బొమ్మలను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేందుకు ఫోటోలు తీయవలసి వచ్చినప్పుడు, ఎల్ఈడీ పట్టీలతో వచ్చే ఒక అడుగు మడత లైట్ బాక్సును, అంటే వస్తువును లోపల పెట్టి ఫోటో తీసే పెట్టెను, కొన్నాను. దానిని విప్పి నిలబెట్టడానికి రెండు నిమిషాలు చాలు; గుడ్డ వస్తువులకూ, మట్టి ప్రమిదలకూ అది బాగానే పనిచేస్తుంది. అయితే లక్క నునుపు అద్దం వంటిది కనుక, పైకప్పుకు అంటించిన పట్టీలోని ఒక్కొక్క దీపమూ బొమ్మ బుగ్గ మీద తెల్లని చుక్కగా, వరుసగా కనబడింది.

చివరకు ఒక అట్టపెట్టెకు రెండు పక్కలా, పైనా కిటికీలు కోసి, వాటికి ట్రేసింగ్ పేపరు అతికించి, వెనుక గోడ నుంచి నేల దాకా తెల్ల డ్రాయింగు షీటును మడత పడకుండా వంపుగా జార్చి, బయట ఒకే రకం 9 వాట్ల బల్బులు రెండు పెడితే, ఆ చుక్కలు పోయి మెత్తని వెలుగు పరచుకుంది. బల్బులు కాగితానికి జానెడు దూరంలోనైనా ఉండాలి. మరీ దగ్గరైతే మళ్ళీ మచ్చ పడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బుల వెలుగు కంటికి తెలియకుండా అదురుతుంది; దానివల్ల ఫోనులో చారలు కనబడితే షట్టర్ వేగాన్ని 1/50 సెకనుకు మార్చుకోవాలి. ఈ బొమ్మలు చేసే అంకుడు కర్ర మీది పసుపు రంగు మాత్రం, వైట్ బ్యాలెన్సును (వెలుగుకు తగ్గట్టు రంగులను సరిచేసే అమరికను) ఆటోలో వదిలితే వెలవెలబోతుంది. కొన్న పెట్టె ఇప్పుడు అటక మీద ఉంది.