సగం ధరకే వస్తోందని బీరు కేసు కొంటున్నారా? ముందు డబ్బా అడుగున తేదీ చూడండి

డాలస్ చుట్టుపక్కల ఉండే మన వాళ్లకి, ముఖ్యంగా ఈ ఎండల్లో పార్టీలకి సరుకు కొనేవాళ్లకి ఈ మాట చెప్పాలని రాస్తున్నాను.

పోయిన శనివారం మా ఫ్రెండ్ ఒకడు ఉద్యోగం వదిలి ఇండియాకి వెళ్లిపోతున్నాడని మా ఇంటి పెరట్లో చిన్న పార్టీ పెట్టుకున్నాం. పదిహేను మందిమి. చికెన్ 65, మిరపకాయ బజ్జీలు ఆడవాళ్లు, మగవాళ్లు కలిసే చేశారు. బీరు తెచ్చే పని మాత్రం నాది. గ్యాస్ స్టేషన్‌ని ఆనుకుని ఉన్న షాపులో ముప్పై డబ్బాల లైట్ బీరు కేసు మామూలు ధరలో సగానికే పెట్టారు. రెండు కేసులు తీసుకున్నాను. పక్కనే రంగులేని గాజు సీసాల్లో ఇంకో చవక బీరు కూడా డిస్కౌంట్‌లో ఉంటే అదీ ఒక పన్నెండు సీసాల ప్యాక్ వేసుకున్నాను. ఆ దొంతర మొత్తం పడమటి వైపు పెద్ద అద్దాల కిటికీ దగ్గర పేర్చి ఉంది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

మూడు గంటలు ఐసులో పెట్టి తీశాం. మొదటి గుక్కకే మా తమ్ముడి వరస అబ్బాయి "అన్నా, ఇది బీరేనా?" అన్నాడు. తడిసిన అట్టపెట్టె నోట్లో పెట్టుకున్నట్టు ఉంది. సీసాలైతే మూత తీయగానే రబ్బరు కాలిన కంపు. వెళ్లిపోయేవాడి కోసం పెట్టుకున్న పార్టీలో అందరూ గ్లాసులు పక్కన పెట్టేసి మంచినీళ్లు తాగుతుంటే నాకు చాలా బాధేసింది. మర్నాడు షాపుకి పట్టుకెళ్తే, తెరిచిన కేసు వెనక్కి తీసుకోం అన్నారు. డబ్బా అడుగున చూస్తే గడువు దాటి అప్పటికే ఐదు నెలలు.

షాపు పేరు, బ్రాండు పేరు రాయడం లేదు. ఏ బ్రాండుకైనా, ఏ షాపులోనైనా ఇలా జరుగుతుంది. చవక బీరు అంటే కల్తీ బీరు కాదు. ఈ లైట్ లాగర్ రకం బీర్లలో బార్లీతో పాటు బియ్యమో మొక్కజొన్నో కలుపుతారు. బడ్‌వైజర్ లేబుల్ మీదే బియ్యం అని రాసి ఉంటుంది. అప్పట్లో అమెరికాలో పండిన, కంకికి ఆరు వరసల గింజలుండే బార్లీలో మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి, బీరు తేటగా రావడానికి 19వ శతాబ్దంలోనే మొదలైన పద్ధతి అది. రుచి పలచన అవుతుంది, అంతే. కానీ ఆ పలచదనం వల్లే చిన్న తేడా వచ్చినా నాలుకకి వెంటనే తెలిసిపోతుంది. ఘాటైన హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) ఉన్న బీరులో దాక్కునే పాత వాసన ఇందులో దాక్కోదు.

డబ్బాలని వేడి పాడుచేస్తుంది. వేడి పెరిగేకొద్దీ బీరు త్వరగా పాతబడుతుంది, ఆ తడి అట్ట వాసన అప్పుడే వస్తుంది. టెక్సాస్ జూలైలో కిటికీ పక్కన వారాల తరబడి ఉంటే ఏం మిగులుతుంది? సీసాలకి వెలుతురు శత్రువు. హాప్స్‌లోని చేదు పదార్థం మీద ఎండ పడితే గంధకపు వాసన పుడుతుంది. ఇక్కడి స్కంక్ అనే జంతువు వదిలే కంపులా ఉంటుందని అమెరికన్లు దాన్ని స్కంకీ బీర్ అంటారు. రంగులేని గాజులో, ఎండలో కొన్ని నిమిషాలు చాలు. ఆకుపచ్చ సీసా కూడా పెద్దగా ఆపలేదు. గోధుమరంగు సీసా నయం, డబ్బా అయితే వెలుతురు బాధే లేదు. మిల్లర్ హై లైఫ్ రంగులేని సీసాలో వస్తుంది కదా అంటారేమో, వాళ్లు వెలుతురుకి చెడని ప్రత్యేకమైన హాప్స్ సారం వాడతారు.

ఖర్చు తగ్గించబోయి పేరు పోగొట్టుకున్న బీరు కంపెనీ కథ ఇక్కడ పెద్దవాళ్లకి గుర్తుంటుంది. మిల్‌వాకీకి చెందిన ష్లిట్జ్ ఒకప్పుడు అమెరికాలో అమ్మకాల్లో మొదటి స్థానంలో, తర్వాత రెండో స్థానంలో ఉండేది. 1970ల్లో పులియబెట్టే రోజులు తగ్గించారు, చవకైన సిరప్ కలిపారు. 1976లో బీరు తేటగా ఉండటానికి వాడే పదార్థం మార్చితే అది నురుగు నిలబెట్టే పదార్థంతో కలిసి సీసాల్లో చీమిడిలాంటి ముద్దలు తేలాయి. కోటి సీసాలు వెనక్కి తెప్పించుకున్నారు. 1982 నాటికి కంపెనీయే అమ్ముడుపోయింది.

ఇక నన్నడిగితే చవక బీర్లలో అన్నిటికన్నా అధ్వానం ఈ లైట్ బీర్లు కావు. పేరు చివర 'ఐస్' అని ఉండేవి, 'మాల్ట్ లిక్కర్' అని అమ్మేవి, అంటే ఆల్కహాల్ ఎక్కువుండే చవక రకాలు. చక్కెర తీపి, వెనకనుంచి స్పిరిట్ మంట. మన దగ్గర 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీరు అలవాటైనవాళ్లకి ఇక్కడి 4.2 శాతం ఆల్కహాల్ ఉన్న లైట్ బీరు నీళ్లలా అనిపిస్తుంది. కొత్తగా వచ్చిన స్టూడెంట్లు అందుకే ఆ 25 ఔన్సుల పెద్ద డబ్బా వైపు వెళ్తారు. రేటు తక్కువ, 8 శాతం. లెక్క వేయండి: ఆ ఒక్క డబ్బా మామూలు 12 ఔన్సుల, 5 శాతం బీర్లు మూడుకి పైనే. ఒక్క బీరే తాగానని స్టీరింగ్ పట్టుకుంటే రక్తంలో ఆల్కహాల్‌కి టెక్సాస్ పెట్టిన 0.08 శాతం హద్దు దాటడం చాలా తేలిక. 2015 నవంబరు నుంచి తాగి నడిపినందుకు అరెస్టయితే చాలు, కోర్టులో తేలకముందే కాన్సులేట్ వీసా రద్దు చేయగలదు. దయచేసి మీ రూమ్మేట్లకి ఇది చెప్పండి.

చవకలో కావాలంటే నేను కూర్స్ బ్యాంక్వెట్, మిల్లర్ హై లైఫ్ తీసుకుంటాను, అదీ ఫ్రిజ్‌లోంచే. సరుకు త్వరగా అమ్ముడుపోయే పెద్ద స్టోరులో కొనండి. తేదీ చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త, కొందరు తయారైన తేదీ వేస్తారు, కొందరు గడువు వేస్తారు. తయారైన తేదీ అయితే నాలుగు నెలలు దాటినది వదిలేయండి. అట్టపెట్టె మీద కనబడకపోతే చేతిపట్టు కన్నంలోంచి ఒక డబ్బా బయటికి తీసి అడుగు చూడండి, ఎవరూ ఏమీ అనరు.

నిన్న సాయంత్రం పెట్రోలు కోసం అక్కడే ఆగాను. అదే దొంతర, అదే కిటికీ దగ్గర. ధర ఇంకో రెండు డాలర్లు తగ్గించారు.