యార్క్‌షైర్‌లో ఫెర్రెట్ల కోసం వెళ్తే

ఇంగ్లండ్‌లోని హ్యారోగేట్‌లో ఏటా జులైలో జరిగే గ్రేట్ యార్క్‌షైర్ షో అనే వ్యవసాయ ప్రదర్శనకి పేరుంది కానీ, ఫెర్రెట్ల (కుందేళ్ళ వేటకి పెంచే ముంగిసలాంటి చిన్న జంతువులు) కోసమే అయితే అంత ఖర్చు దండగ. ఆవులు, గొర్రెలు, ట్రాక్టర్ల మధ్య తిరిగేసరికే పొద్దుపోతుంది. డేల్స్ అనే లోయల వైపు ఏదైనా ఊళ్ళో జరిగే చిన్న షో నయం. మేము వెళ్ళినచోట గడ్డి మీద ప్లాస్టిక్ పైపులు పరిచి ఫెర్రెట్లకు పరుగుపందెం పెట్టారు. ఒకటి సగం దూరం వెళ్ళి, మనసు మార్చుకుని బయల్దేరిన చోటికే వచ్చేసింది. దాని మీద కాసిన మా బావ మొహం చూడాలి!

పందెం కన్నా, పక్కన చెక్కపెట్టెలతో కూర్చున్న పెద్దాయన మాటలు నాకు బాగా నచ్చాయి. వాళ్ళ నాన్న గని కార్మికుడట. ఫెర్రెట్లతో వేట ఎలాగంటే, కుందేళ్ళ బొరియలన్నిటికీ చిన్న వలలు కప్పి, ఒకదాంట్లోకి ఫెర్రెట్‌ని వదులుతారు. భయపడి బయటికి దూకిన కుందేలు వలలో చిక్కుతుంది. పొదల ఆకులు రాలి బొరియలు కనబడే చలికాలమే దీనికి అదను. తుపాకీ కొనలేని ఇంట్లో మాంసం కూర ఇలా ఉడికేది. కాకపోతే నేల దొరది. రాత్రిపూట దొరికితే 1828 నాటి చట్టం కింద జైలే. 1880లో కౌలురైతుకి తన పొలంలో కుందేళ్ళు పట్టే హక్కు ఇచ్చారు, కూలీకి ఇవ్వలేదు. 1953లో మిక్సమటోసిస్ రోగం బ్రిటన్‌లో అడుగుపెట్టాక కుందేళ్ళు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి.

ఆయన ఒక ఆడ ఫెర్రెట్‌ని నా చేతికిచ్చాడు. ముంగిసలా సాగిన ఒళ్ళు, ఒక్క క్షణం కుదురు లేదు, చొక్కా చేతిలోకి దూరిపోయింది. ఆ ఘాటు వాసన రెండుసార్లు సబ్బు పెట్టినా వదల్లేదు.

ప్యాంటులో ఫెర్రెట్లు వేసుకునే పోటీ సంగతి అందరూ చెప్పి నవ్వుతారు. 1981లో రెజ్ మెల్లర్ అనే ఆయన 5 గంటల 26 నిమిషాలు ఓర్చుకున్నాడు. నాకు మాత్రం వేటే ఆసక్తి.

వేక్‌ఫీల్డ్ దగ్గరి నేషనల్ కోల్ మైనింగ్ మ్యూజియం మాత్రం వదులుకోవద్దు. 140 మీటర్ల లోతుకి దింపుతారు. ఫోన్లు, బ్యాటరీ వాచీలు పైనే ఇచ్చేయాలి, టూర్ ముందే బుక్ చేసుకోవాలి. ఆ ఇరుకు చీకట్లో వారమంతా పనిచేసినవాడికి ఆదివారం పొలం గట్టు ఎందుకంత ముద్దో అక్కడ తెలుస్తుంది.

బస ఒక పబ్బు మేడ మీద. మంచం, వేడినీళ్ళు బాగున్నాయి. శనివారం రాత్రి గోల మాత్రం భరించాలి. శాకాహారులకి బీన్సు, టోస్టే గతి. పల్లె బస్సులు సాయంత్రం తొందరగా ఆగిపోతాయి, అద్దె కారైతే టెన్షన్ ఉండదు.