ఇంట్లో చేసుకున్న ఒంటితీగ ఎలక్ట్రిక్ వాద్యం: ఏడాదికి పైగా వాడిన తరువాత

చెక్క పలక, రేకు డబ్బా, చిన్న గాజు సీసా, ఒక ఉక్కు తీగ, బజర్‌లోంచి తీసిన పీజో బిళ్ళ (కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే పలుచని బిళ్ళ) కలిపి చేసుకున్న ఈ వాద్యం ఏడాదికి పైగా దాదాపు రోజూ నా చేతిలో ఉంటోంది. అమెరికా దక్షిణాది నల్లజాతీయులు గోడకు తీగ బిగించి, దానిమీద సీసా జరుపుతూ వాయించిన డిడ్లీ బో దీనికి పెద్దన్న వంటిది. ఆ పాత వాద్యానికి కరెంటు సంగతి తెలియదు. నా వాద్యంలో మంచి చెడ్డలు చాలావరకు ఆ కరెంటు భాగంలోనే ఉన్నాయి.

పలకకు ఒక చివర రేకు డబ్బాను బోర్లించి బిగించాను. దాని మీద చిన్న చెక్క ముక్క తీగను మోసే బ్రిడ్జిగా నిలుస్తుంది, రెండో చివర సీసా తీగను ఎత్తి పట్టుకుంటుంది. మోగే తీగ పొడవు 600 మిల్లీమీటర్లు. 0.43 మిల్లీమీటర్ల మందం గల గిటారు తీగను 196 హెర్ట్జ్‌కు శ్రుతి చేస్తే పలక మీద ఆరున్నర కిలోల దాకా లాగుడు పడుతుంది కాబట్టి, పలక రెండు సెంటీమీటర్లకు తగ్గని మందం ఉండాలి. బిరడాకు బదులు తలలో రంధ్రమున్న బోల్టు వాడాను. పావు చుట్టు తిప్పినా శ్రుతి బాగా మారుతుంది, ప్రతిసారీ పానా కావాలి, కానీ ఒకసారి కుదిరిన శ్రుతి మాత్రం రోజుల తరబడి కదలదు.

పీజో బిళ్ళ గురించి కాస్త వివరంగా చెప్పాలి. దానితో చేసిన వాద్యాలు రేకు గొంతుతో, మంద్రం లేకుండా మోగుతాయని చాలామంది అంటారు, నేరం బిళ్ళ మీదే మోపుతారు. నిజానికి 27 మిల్లీమీటర్ల బిళ్ళ సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటర్‌లా (విద్యుత్తును కాస్త నిలవ చేసుకునే భాగంలా) ప్రవర్తిస్తుంది. దాన్ని 10 కిలో ఓముల నిరోధమున్న మామూలు ఆడియో సాకెట్‌కు కలిపితే దాదాపు 800 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న ధ్వనంతా పలచబడిపోతుంది, అంటే నా 196 హెర్ట్జ్ మూలస్వరం మరీ సన్నబడుతుంది. అదే బిళ్ళను 1 మెగా ఓము ఇన్‌పుట్ ఉన్న గిటారు యాంప్లిఫయర్‌కు కలిపితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతుంది, స్వరం నిండుగా వస్తుంది. బిళ్ళ మార్చలేదు, తీగ మార్చలేదు. సాకెట్ మార్చినందుకే ఇంత తేడా. ఇత్తడి వైపును ఎర్తుకు కలిపి, షీల్డు ఉన్న వైరు వాడితే గుయ్యిమనే మోత చాలావరకు తగ్గుతుంది. బిళ్ళ మధ్యనున్న తెల్లటి పింగాణీ మీద సోల్డరింగ్ క్షణాల్లో ముగించాలి, ఎక్కువసేపు వేడి తగిలితే దాని వెండి పూత లేచిపోతుంది. బ్యాటరీతో నడిచే యాంప్లిఫయర్ అయితే షాకు భయం లేక మనసుకు నిశ్చింత.

ఇక వాయించడం. మెట్లు లేవు కనుక గమకానికి ఇంతకంటే సులువైన వాద్యం దొరకదు, స్వరస్థానం కోసం మాత్రం చెవిని నమ్ముకోవాలి. మొదట్లో బ్రిడ్జి నుంచి కొలిచి పలక మీద పెన్సిల్ గీతలు పెట్టుకున్నాను: పై షడ్జం 300, పంచమం 400, శుద్ధ మధ్యమం 450, అంతర గాంధారం 480 మిల్లీమీటర్ల దగ్గర. స్లైడ్ (తీగ మీద జరుపుతూ స్వరం మార్చే గొట్టం) సరిగ్గా గీత మీదే ఉండాలి, తీగను చెక్కకు తగిలేలా నొక్కకూడదు. ఎడమచేతి వేళ్ళు స్లైడ్ వెనక తీగను మెల్లగా తాకుతూ ఉంటే అటువైపు లేచే కీచు అణగుతుంది. ఈ చిన్న అలవాటు పట్టుబడ్డాకే పాట పాటలా వినిపించింది.

వాడుకలో బయటపడిన అసలు లోపం డబ్బా. బ్రిడ్జి కింద రేకు కొద్దికొద్దిగా కుంగి, తీగ ఎత్తు తగ్గి, పై స్థాయిలో స్లైడ్ పలకను రాసుకోవడం మొదలైంది. డబ్బా లోపల, బ్రిడ్జికి సరిగ్గా దిగువన, పలకకు ఆనుకునేలా చెక్క దిమ్మ పెడితే ఆ బాధ తీరింది, స్వరం కూడా ముందుకంటే ఎక్కువసేపు నిలుస్తోంది. అయితే రేకు తెచ్చే ఆ టంగుమనే మోత కొంత పోయింది, అది నాకు ఇష్టమైన గుణం. వైరు అతుకు కూడా ఊడుతూ ఉంటుంది; జాక్‌కు చేరేముందు వైరును పలకకు కట్టేస్తే లాగుడు అతుకు మీద పడదు. డబ్బాను గోరుతో తాకినా యాంప్లిఫయర్‌లో తలుపు కొట్టినట్టు వినిపించే దోషం మాత్రం పోలేదు, పీజోతో అది పోదు కూడా.

కృతులు ఆద్యంతం వాయించాలనుకునేవారికి దీన్ని సూచించను. ఆలాపన, నెమ్మదైన పాటలు, ధ్వనితో ప్రయోగాలు చేసేవారికి మాత్రం నిస్సంకోచంగా చెబుతాను. రెండో తీగ కడదామని చాలామందికి అనిపిస్తుంది. ఇదే పలక మీద అది వద్దు: లాగుడు రెట్టింపై పలక వంగుతుంది, ఒక తీగను సవరిస్తే రెండోది శ్రుతి తప్పుతుంది. పంచమం తోడుగా కావాలంటే అదే కొలతలతో ఇంకొక వాద్యం చేసుకోవడమే తక్కువ శ్రమ.