టేకాల్ సూపర్‌మెరైన్: నమూనా పడవకు పాతకాలపు మోటారు

గత శతాబ్దపు మధ్యకాలంలో బ్రిటన్‌లో నమూనా పడవల కోసం తయారైన టేకాల్ మోటార్లలో సూపర్‌మెరైన్‌కు సేకరణదారుల్లో ఇప్పటికీ మంచి గిరాకీ ఉంది. ఇందులో శాశ్వత అయస్కాంతం ఉండదు. అయస్కాంత క్షేత్రాన్నిచ్చే తీగచుట్ట (ఫీల్డ్ కాయిల్), ఇరుసుతో పాటు తిరిగే తీగచుట్ట (ఆర్మేచర్) రెండూ ఒకే బ్యాటరీ మీద నడుస్తాయి కనుక, తీగలను తారుమారు చేసినా రెండింటి ధ్రువాలూ కలిసే మారిపోయి, ఇరుసు మునుపటి దిశలోనే తిరుగుతుంది. కొత్తవారు దీన్ని మోటారు లోపమనుకుంటారు గానీ, దాని స్వభావమే అంత.

రేడియో కంట్రోల్ పడవ వెనక్కి కూడా నడవాలంటే, ఫీల్డ్ కాయిల్‌ను విడదీసి, కరెంటును ఎప్పుడూ ఒకే దిశలో పంపే నాలుగు డయోడ్ల బ్రిడ్జ్ రెక్టిఫయర్ ద్వారా కలపాలి. అప్పుడు ఫీల్డ్ ధ్రువం స్థిరంగా ఉండి, ఆర్మేచర్‌ది మాత్రమే మారుతుంది. సిలికాన్ డయోడ్లలో సుమారు 1.4 వోల్టులు పోతాయి కాబట్టి 6 వోల్టుల బ్యాటరీపై ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఆర్మేచర్‌కు కరెంటు అందించే బ్రష్‌ల దగ్గర లేచే నిప్పురవ్వలు చూడముచ్చటగానే ఉంటాయి, రేడియో సంకేతాలు అందుకునే రిసీవర్‌కు మాత్రం తలనొప్పి. ఆ అలజడి తగ్గేందుకు బ్రష్‌ల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అమర్చడం, బ్రష్‌లు తాకే ఇరుసు భాగమైన కమ్యుటేటర్ సందుల్లోని నల్లటి మసిని పుల్లతో గీకి తీయడం తప్పనిసరి. కొనేముందు కాయిల్‌కూ ఇనుప చట్రానికీ మధ్య విద్యుత్తు లీకవుతోందేమో మల్టీమీటరుతో చూడాలి. పైనున్న రంగు మెరుపును బట్టి బేరం కుదుర్చుకోకూడదు.

బరువెక్కువ, కరెంటు వాడకమూ ఎక్కువే. పందెపు పడవకు ఇది పనికిరాదు; నింపాదిగా సాగే టగ్ బోటుకు నిస్సందేహంగా తీసుకోవచ్చు.