అందరూ వాడే సెంటు, అందరూ తిట్టే సెంటు: బ్లూ ద షనెల్ ఈడీటీ

పెర్ఫ్యూమ్‌లు బాగా తెలిసినవాళ్ల దగ్గర ఫ్రెంచి కంపెనీ షనెల్ మగవాళ్ల కోసం చేసిన బ్లూ ద షనెల్ పేరెత్తితే పెదవి విరిచేవాళ్లే ఎక్కువ. షవర్ జెల్ వాసన అంటారు, ధైర్యం లేని సెంటు అంటారు, ఏ లిఫ్టు ఎక్కినా ఇదే తగులుతుందంటారు. 2010లో వచ్చిన ఈడీటీని (ఓ ద టాయిలెట్, గాఢత తక్కువున్న రకం) ఎండల్లో, వానల్లో, చలిలో ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం ఇది: ఇందులో కొత్తదనం తక్కువన్న మాట ఒప్పుకోవాల్సిందే. పనితనం తక్కువన్న మాట మాత్రం ఒప్పుకోలేను. ఈ రెండు ఫిర్యాదులనూ ఒకే గాటన కట్టేయడం వల్ల మంచి సెంటుకు చెడ్డపేరు వచ్చింది.

ఆ కోపం ఎక్కడ పుట్టిందో ముందు చూడాలి. షనెల్ 1981లో మగవాళ్ల కోసం ఆంటేయస్ తెచ్చింది. తేనెమైనం, పచౌలి (మట్టి వాసన గల ఆకు), కాస్త జంతు వాసన కలిసిన బరువైన పరిమళం అది. 1990లో వచ్చిన ఎగోయిస్ట్‌లో గంధం, దాల్చినచెక్క, గులాబీ. రెండూ షనెల్ సెంట్ల రూపకర్త జాక్ పోల్జ్ చేతి పనే. అదే మనిషి ఇరవై ఏళ్ల తర్వాత నిమ్మ, పుదీనా, అల్లంతో అందరికీ నచ్చే సెంటు చేస్తే పాత అభిమానులకు మింగుడు పడలేదు. వాళ్ల నిరాశ అర్థమవుతుంది. అయితే ఆ నిరాశతోనే ముక్కు దగ్గర పెట్టుకుంటే సీసాలో ఉన్నది సరిగా అందదు.

షవర్ జెల్ ఆరోపణకు కారణం రసాయనంలోనే ఉంది. డైహైడ్రోమిర్సెనాల్ అనే పదార్థానికి నిమ్మ, లావెండర్ కలిసినట్టుండే వాసన. ధర తక్కువ, డిటర్జెంట్లలో కలిపినా చెడదు. అందుకే శుభ్రం చేసే సరుకుల్లో బాగా వాడారు. 1982లో డ్రాకార్ నోయిర్, 1988లో కూల్ వాటర్ దాన్ని పెద్ద మోతాదులో మగవాళ్ల సెంట్లలోకి తెచ్చాయి. ఆ తర్వాత డియోడరెంట్లూ షవర్ జెల్‌లూ ఆ సెంట్లనే అనుకరించాయి. కాబట్టి ఈ కుటుంబంలో ఏ సీసా మూత తీసినా ముక్కుకు ముందు స్నానాలగది గుర్తొస్తుంది. బ్లూలోనూ మొదటి పది పదిహేను నిమిషాలు ఆ ఛాయ ఉంటుంది. గ్రేప్‌ఫ్రూట్, నిమ్మ, పుదీనా, పింక్ పెప్పర్ ఒక్కసారిగా లేస్తాయి. చర్మం పొడిబారి ఉంటే ఆల్కహాల్ ఘాటు కూడా తోడవుతుంది. విమర్శల్లో చాలా భాగం ఈ పావుగంట చూసి ఇచ్చిన తీర్పులే.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. నిమ్మజాతి వాసనలు ఏ సెంటులోనైనా త్వరగా ఎగిరిపోతాయి, వాటి అణువులు తేలిక. చవక అనుకరణలు ఇక్కడే దొరికిపోతాయి: పులుపు ఆవిరైన అరగంటకల్లా తీపి కలిసిన ఒక మొండి కట్టె వాసన మిగులుతుంది, సాయంత్రం దాకా అదే. బ్లూలో పులుపు పోయినా పోయినట్టు తెలియదు. గ్రేప్‌ఫ్రూట్ చేదును వట్టివేరు అందుకుంటుంది. వట్టివేరులో సహజంగానే గ్రేప్‌ఫ్రూట్ తొక్కను తలపించే చేదు ఉంది. ఆ రెంటి మధ్య అల్లం, జాజికాయ వంతెన వేస్తాయి. కింద దేవదారు, పలుచగా ధూపం పొడిగా నిలుస్తాయి. గంటన్నర నుంచి నాలుగో గంట దాకా ఈ సెంటు అందం పూర్తిగా కనిపిస్తుంది. చల్లగా, పొడిగా, కొంచెం పొగతో, ఎక్కడా తీపి పొంగదు. ఆరో గంట దాటాక చర్మానికి ముక్కు ఆనిస్తే తప్ప తెలియని తెల్ల కస్తూరి, లాబ్డానమ్ అనే చెట్టు జిగురు మిగులుతాయి. ఇంత సాఫీగా ఒక దశ నుంచి ఇంకో దశకు జారడం తేలిక కాదు. ఇది విసుగు పుట్టించే సెంటు అనేవాళ్లు ఒక్కసారి మూడో గంటలో వాసన చూడాలని నా కోరిక.

దీనికి నిజంగా చెడ్డపేరు తెచ్చేది మోతాదు. ఇందులో ఐసో ఇ సూపర్ అనే పదార్థం ఉంది. 1973లో వచ్చిన ఈ అణువుకు మెత్తని దేవదారు వాసన, కానీ చాలామంది ముక్కులకు అది కాసేపు అందుతుంది, కాసేపు అందదు. కొట్టుకున్నవాడికి గంటలోపే తన సెంటు వాసన తెలియడం ఆగిపోతుంది. పక్కవాళ్లకు మాత్రం తెలుస్తూనే ఉంటుంది. 'ఇది నిలవట్లేదు' అని మధ్యాహ్నం మళ్లీ నాలుగు స్ప్రేలు కొడితే ఆ గదిలోని వాళ్లకు తలనొప్పి. అనుమానం వస్తే పావుగంట బయటి గాలిలో తిరిగి వచ్చి చొక్కా మెడపట్టీ వాసన చూడండి. అప్పుడు తెలుస్తుంది ఎంత మిగిలిందో.

ఆఫీసు రోజుకు మూడు స్ప్రేలు చాలు: మెడకు రెండు వైపులా ఒక్కొక్కటి, ఛాతీ మీద చొక్కా లోపల ఒకటి. ఉక్కపోతలో మెడ మీదవి రెండూ తీసేసి ఛాతీ మీద ఒకటి, వీపు పైభాగాన ఒకటి. చెమట పట్టిన మెడ నుంచి అల్లం ఘాటు మరీ పైకి వస్తుంది. చలిలో నాలుగైదు కొట్టినా ఇబ్బంది లేదు. స్నానం చేసి తుడుచుకున్నాక వాసన లేని మాయిశ్చరైజర్ రాసి, ఐదు నిమిషాలు ఆగి, జానెడు దూరం నుంచి కొట్టండి. పొడి చర్మం మీద నాలుగు గంటలకే మాయమయ్యేది ఇలా చేస్తే ఆరేడు గంటలు నిలుస్తుంది. మణికట్లు రుద్దుకుంటే అణువులు విరిగిపోతాయన్న మాటలో నిజం లేదు. రాపిడి వేడికి పై వాసనలు, అంటే కొట్టగానే మొదట తగిలేవి, త్వరగా ఎగిరిపోతాయి, అంతే. వాసన ఉన్న డియోడరెంట్ మాత్రం వద్దు. అందులోనూ ఇదే కుటుంబపు వాసన ఉంటే రెండూ కలిసి అచ్చం షవర్ జెల్ అవుతుంది. విమర్శకులు చెప్పే ఆ సెంటును అలా మన చేతులతో మనమే తయారు చేస్తాం. గుడ్డ మీద మర్నాటిదాకా నిలుస్తుంది గానీ పట్టు మీద, తెల్ల చొక్కా మీద మరక పడొచ్చు, లోపలి బనీను మీద కొట్టడం మేలు.

దీని వేరే రకాల్లో రెండింటి సంగతి చెప్పాలి. 2014 ఈడీపీ (ఓ ద పర్ఫమ్, ఈడీటీ కంటే గాఢం) కూడా జాక్ పోల్జ్‌దే. పులుపు తగ్గి, అంబర్ అనే వెచ్చని, తీపి వాసన గుండ్రదనం పెరిగింది, ఎనిమిది గంటలు దాటుతుంది. 2018 పర్ఫమ్‌ను (ఇంకా గాఢమైన రకం) ఆయన కొడుకు ఒలివియే పోల్జ్ చేశాడు. న్యూ కాలెడోనియా గంధం ముందుకొచ్చి, ఒంటికి దగ్గరగా, నిబ్బరంగా ఉంటుంది. ఈ మూడింట్లో బాగా కుదిరింది పర్ఫమే. ఒక్క సీసాతో ఏడాదంతా గడపాలంటే మాత్రం ఈడీటీకే నా ఓటు, ఎండకు తట్టుకునే తేలికదనం దానికే ఉంది. రిస్కు లేని సెంటన్న విమర్శ బాగా అతికేది ఈడీపీకి. రెండింటి మధ్య ఆగిపోయిన రాజీలా ఉంటుంది.

మరి కొత్తదనం? 2010 నాటికే ఈ వాసనలేవీ కొత్త కావు. 2015లో డియోర్ కంపెనీ సెంటు సావాజ్ వచ్చి ఆంబ్రాక్సాన్ అనే కృత్రిమ అంబర్ పదార్థాన్ని ముందుకు నెట్టి, నచ్చినా నచ్చకపోయినా ఒక గట్టి ముద్ర వేసింది. బ్లూకు అలాంటి ముద్ర లేదు. అల్మరాలో ఇప్పటికే పది సీసాలున్నవాళ్లకు దీని అవసరం అంతగా ఉండదు. ఒకటో రెండో వాడేవాళ్ల సంగతి వేరు. ఇంటర్వ్యూకి, పెళ్లికి, రైలు ప్రయాణానికి ఒకే సెంటు సరిపోవాలంటే ఎవరినీ నొప్పించకపోవడం పెద్ద గుణమే.

కొనేముందు కాగితం పట్టీని నమ్మకండి, దాని మీద పై వాసనలే గట్టిగా తెలుస్తాయి. ముంజేతి మీద ఒక్క స్ప్రే కొట్టించుకుని నాలుగు గంటలు తిరగండి. నకిలీలు విపరీతం, కాబట్టి డబ్బా మీది బ్యాచ్ నంబరూ సీసా మీదున్నదీ ఒకటేనా అని చూడాలి. అసలు సీసా మూత అయస్కాంతంతో తనంతట తానే నేరుగా తిరిగి కూర్చుంటుంది. మంచి నకిలీల్లోనూ ఇవి రెండూ ఉండొచ్చు, అందుకే అధీకృత దుకాణమే మేలు. ఒక స్ప్రేకు దాదాపు 0.1 మి.లీ. ఖర్చవుతుంది. రోజుకు మూడు లెక్కన 100 మి.లీ. సీసా పదకొండు నెలలు వస్తుంది. అప్పుడప్పుడూ వాడేవాళ్లు 50 మి.లీ. దగ్గరే ఆగడం మంచిది. స్నానాలగదిలోనో కిటికీ పక్కనో ఉంచిన సీసాలో ముందు పాడయ్యేది నిమ్మ వాసనే, అది పోయాక ఈడీటీ మొదటి అరగంట చప్పగా, కాస్త లోహపు వాసనతో ఉంటుంది. డబ్బాలోనే పెట్టి, అల్మరా కింది అరలో ఉంచండి.