రెండున్నరేళ్లుగా చక్రాలకు కోటింగ్: కొండ దిగొచ్చిన మసి సంగతి

తిరుపతిలో సొంతిల్లు, ఇంటి ముందు కారు ఉన్నవాడికి చుట్టాలకు కొదవుండదు. నెలకు రెండు మూడుసార్లు ఎవరో ఒకరు దర్శనానికి వస్తారు, "నువ్వున్నావు కదా, బస్సెందుకు" అంటారు, ఇక కొండ డ్యూటీ నాదే. దాంతో నాకేం ఇబ్బంది లేదు, ఎంతో కొంత పుణ్యం మనకూ రాకపోదు. ఇబ్బందల్లా దిగొచ్చాక ముందు చక్రాలతోనే. వెండిరంగు అల్లాయ్ వీల్స్ మీద ముచ్చటపడి ఎక్కువ డబ్బు పోసి పై మోడల్ తీసుకున్నవాణ్ణి, అలిపిరి చేరేసరికి అవి బ్రేకుల మసి పట్టి కట్టెల పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగులా ఉండేవి.

మైనం రుద్ది చూశాను, రెండు ట్రిప్పులకే పోయింది. ఎనభై తొంభై డిగ్రీల వేడికే కరిగే సరుకు, ఘాట్ రోడ్డులో బ్రేకుల పక్కన ఏం నిలుస్తుంది? చక్రం లోపల బిగించే రేకు మూతలు కూడా ఉంటాయి, మసి బయటికి రానివ్వవు, కానీ బ్రేకులకు గాలి తగలకుండా చేస్తాయి. కొండ దిగే బండికి ఆ పని చేసే ధైర్యం నాకు లేదు. అట్లా తిరిగి తిరిగి చివరికి సెరామిక్ వీల్ కోటింగ్ దగ్గర ఆగాను, చక్రానికి పూస్తే ఆరి పలచటి గట్టి పొరగా నిలిచే ద్రవం. ముప్పై మిల్లీలీటర్ల సీసా, పదిహేను వందలు.

పూయడం గంట పని, అంతకుముందు కడగడం ఒక పూట పని. ఎందుకంటే ఈ మసి ఊదితే పోయే దుమ్ము కాదు. బ్రేకు నొక్కినప్పుడల్లా డిస్కును ఒత్తిపట్టే ప్యాడూ అరుగుతుంది, చక్రంతో పాటు తిరిగే పోత ఇనుము డిస్కూ అరుగుతుంది. రాలిన ఇనుప రజను వేడి మీదే ఎగిరి చక్రం రంగు మీదుండే వార్నిష్ లాంటి లాకర్ పొరలో గుచ్చుకుంటుంది, తర్వాత మంచో వానో తగిలితే అక్కడే తుప్పు పడుతుంది. షాంపూకి కదలదు. ఐరన్ రిమూవర్ అని వేరే దొరుకుతుంది, అది కొట్టిన రెండు నిమిషాలకు చక్రం నుంచి ఊదారంగు నీళ్లు కారడం మొదలవుతుంది, వాసన మాత్రం కుళ్లిన కోడిగుడ్డే. నేను వాకిట్లో ఈ పనిలో ఉంటే ఎదురింటి పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి "ఏం నాయనా, నేరేడుపండ్ల మీద బండి పోనిచ్చినావా" అంది. అదంతా ఇనుము పెద్దమ్మా అంటే నమ్మలేదు.

కోటింగ్ వేసిన వారానికే చిత్తూరు నుంచి మా పిన్నివాళ్లు వచ్చారు, కొండకు వెళ్లి దిగొచ్చాం. చూస్తే చక్రం ఎప్పట్లాగే నల్లగా ఉంది. పదిహేను వందలు గోవిందా అనుకున్నాను. సాయంత్రం చక్రాలు బాగా చల్లారాక (వేడి డిస్కు మీద చల్లటి నీళ్లు పోస్తే అది వంకర తిరిగే ప్రమాదముంది, ఎంత తొందరున్నా ఆ పని చేయొద్దు) పైపు పెట్టాను. మసి నీళ్లతో పాటే జారిపోయింది. నట్ల గుంటల్లో, స్పోకుల మూలల్లో మిగిలినదానికి మెత్తటి బ్రష్ ఒకసారి తిప్పితే సరిపోయింది. అంతకుముందు పాత టూత్‌బ్రష్ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంటే ఒక్క చక్రానికే పావుగంట పట్టేది, ఇప్పుడు నాలుగూ కలిపి పది నిమిషాలు. మసి అంటదు అని సీసా మీద రాసింది అబద్ధం. అంటుతుంది, పట్టుకోదు. నాకు కావలసిందీ అంతే.

ఇది నిజంగా కోటింగ్ మహిమేనా, నా సంబరమా అనే అనుమానం నాకూ ఉండేది. దాన్ని తీర్చింది ఒక వాటర్ సర్వీస్ కుర్రాడు, పాపం తెలియకుండానే. పోయిన సంక్రాంతి ముందు కారు అడుగు భాగం కూడా కడిగిద్దామని ఊరి బయట ఒకచోట వదిలి టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ముందు ఎడమ చక్రం తళతళలాడుతోంది, మిగతా మూడూ మామూలుగా ఉన్నాయి. వాడు నవ్వుతూ ఎదురొచ్చి "ఒకటి చేసి చూపిస్తే మీకే తెలస్తాదని చేసినా సార్, బాగుందంటే మూడూ కొట్టేస్తా" అన్నాడు. చేతిలో తెల్ల ప్లాస్టిక్ డబ్బా, మూతకు చిల్లు పొడిచి ఉంది. ఏంటది అంటే "యాసిడ్ సార్, నీళ్లు కలిపినాం లే" అన్నాడు. బండి అప్పుడే ఎండలో నడిచొచ్చింది, చక్రం వేడిగా ఉండగానే కొట్టినట్టున్నాడు. తిట్టబుద్ధి కాలేదు. వాడికి ఎవరు నేర్పారో అదే చేశాడు, పైగా అడగకుండా నాలుగూ చేసేయలేదు, ఆ మర్యాదే నా మూడు చక్రాలను కాపాడింది. చెప్పకుండా టీకి పోయిన తప్పు నాది.

వారం తర్వాత కొండ దిగొస్తే తేడా పిల్లలకు కూడా తెలిసింది. కుడి చక్రం పైపుకే కడిగినట్టయింది, ఎడమది బ్రష్‌తో రుద్దినా బూడిదరంగు చార వదల్లేదు. నెలకు స్పోకుల అంచున పాలు ఒలికి ఎండినట్టు తెల్ల మచ్చలు తేలాయి, వేలితో రాస్తే గరగరలాడుతున్నాయి. అక్కడ కోటింగే కాదు, కింద లాకర్ కూడా దెబ్బతింది. ఇక దాని మీద మళ్లీ కోటింగ్ పూసినా మచ్చలు పోవు, ముందు పాలిష్ పట్టించాలి. కడగడానికి ఇచ్చేటప్పుడు యాసిడ్ వద్దని నోటితో చెప్పండి, చెప్పి అక్కడే నిలబడండి.

ఇంత మెచ్చుకున్నాను కానీ, కొన్ని మాటలు వెనక్కి తీసుకోవాలి. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, బకెట్ చుట్టూ సున్నం కడతాయి. కోటింగ్ ఉన్న చక్రం మీద నీళ్లు ముత్యాల్లా నిలబడతాయని మొదట్లో ఫొటోలు కూడా తీశాను, అవే ముత్యాలు ఎండకు ఆరితే ఒక్కోటి ఒక్కో తెల్లచుక్క. కడిగిన వెంటనే గుడ్డతో తుడవాల్సిందే, పది నిమిషాల లెక్కలో అది కలపలేదు. మూడేళ్లు నిలుస్తుందన్నారు, ముందు కుడి చక్రానికి ఏడాదిన్నరకే జారుడు తగ్గింది. వెనకవి ఇంకా కొత్తవాటిలాగే ఉన్నాయి, కానీ వెనక డ్రమ్ బ్రేకులు, అరిగిన పొడి చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది, అక్కడ మసి మొదటినుంచీ తక్కువే, వాటికి పూసింది దాదాపు దండగ.

ఇంకో సంగతి, ఇది చెప్పకపోతే అన్యాయం. కోటింగ్ వేసిన రోజుల్లోనే నేను కొండ దిగే పద్ధతి కూడా మార్చుకున్నాను. 1944 నాటి పాత దారి, దాదాపు పంతొమ్మిది కిలోమీటర్లు, నలభై నిమిషాల కంటే ముందు దిగితే ఎట్లాగూ ఫైన్ వేస్తారు, ఇక తొందరెందుకు? రెండో గేర్లో వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద కాలు పెట్టే అవసరం చాలాచోట్ల రాదు. మసి తగ్గడంలో సగం పేరు గేర్‌కే ఇవ్వాలేమో. మధ్యలో ఒకసారి మా బావమరిది నడిపాడు, నాలుగో గేర్లో, కిందిదాకా బ్రేకు మీద కాలు తీయకుండా. ఆ రోజు మసి పైపు నీళ్లకు జారలేదు, షాంపూ పట్టాల్సి వచ్చింది.

నాలా తరచూ కొండకు పోయేవాళ్లు, లేత రంగు అల్లాయ్స్ ఉన్నవాళ్లు, కారు తామే కడుక్కునేవాళ్లు తీసుకోవచ్చు. ఊళ్లోనే తిరిగే బండికి, స్టీల్ చక్రాలకు ప్లాస్టిక్ క్యాప్‌లు ఉన్నవాళ్లకు నేనైతే చెప్పను. బయట కడిగించేవాళ్లకైతే అస్సలు వద్దు, ఎందుకో పైన రాశాను. నేను మాత్రం మళ్లీ ఒక సీసా తెప్పించాను, ముందు రెండింటికే. ఎడమది పాలిష్‌కు ఇచ్చాను, ఆదివారం వస్తుంది. అదే ఆదివారం బావమరిది కుటుంబంతో దిగుతున్నాడట, తాళం చెవులు మా ఆవిడ దగ్గర దాచమన్నాను.