మున్నార్ వెళ్తే ఎరవికులంకి మొదటి బస్సు పట్టుకోండి

డిసెంబర్‌లో అమ్మని తీసుకుని నలుగురం మున్నార్ వెళ్ళొచ్చాం. నాలుగు రోజులు తిరిగాం గానీ ఇంటికొచ్చాక కూడా నా కళ్ళ ముందు మెదులుతున్నవి ఎరవికులం నేషనల్ పార్కులో, రాజమల మీద గడిపిన రెండు గంటలే.

ముందు మేం చేసిన పొరపాటు చెప్తాను. మొదటిరోజు తీరిగ్గా పదకొండింటికి వెళ్ళాం. టికెట్ దగ్గర గంటన్నర, బస్సు కోసం ఇంకో గంట, తీరా పైకి వెళ్తే జనం గోల, పైగా పొగమంచు కమ్మేసి పక్కన ఏముందో కూడా కనపడలేదు. మర్నాటికి ఆన్‌లైన్‌లో టికెట్లు తీసుకుని పొద్దున్నే మొదటి బస్సెక్కాం. సొంత బండ్లు పైకి పోనివ్వరు, అటవీ శాఖ బస్సులోనే వెళ్ళాలి. దిగాక రోడ్డు మీదే మెల్లగా ఎక్కుతూ నడవాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కూడా ఆగుతూ ఆగుతూ వచ్చేసింది.

రెండో మలుపు తిరగ్గానే నీలగిరి తార్! తమిళంలో వరైయాడు, అంటే కొండమేక. కేరళ, తమిళనాడు పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో ఉండదు, అందులోనూ పెద్ద సంఖ్యలో ఉన్నది ఈ ఎరవికులంలోనే. మాకు నాలుగడుగుల దూరంలో నిలబడి గడ్డి పీకుతోంది, ఆ పరపరమనే చప్పుడు వినిపిస్తోంది. వెనక్కి వంగిన కొమ్ముల మీద కట్లు కట్లుగా గీతలు. దాని పిల్ల నిట్టనిలువు బండ మీద మన ఇంట్లో మెట్లు దిగినంత సులువుగా దిగొచ్చింది. కాస్త పైన ముదురు రంగు మగది ఒకటి, వీపు మీద జీను వేసినట్టు తెల్లటి మచ్చ. ఒకాయన బిస్కెట్ చాచబోతే గార్డు గట్టిగానే ఆపాడు, మంచి పని చేశాడు. ఈ చోటు 1975లో అభయారణ్యం, 1978లో నేషనల్ పార్కు అయింది. వేట భయం లేక ఇక్కడి తార్‌లు మనిషిని చూసి బెదరవు. ఆ నమ్మకాన్ని చిప్స్ ప్యాకెట్లతో పాడుచేయకండి, దయచేసి.

చుట్టూ కొండలన్నీ గడ్డి, లోయ మడతల్లో మాత్రం పొట్టి చెట్ల చిక్కటి అడవి. దాన్నే షోలా అంటారు. గడ్డి మీద చలికాలం రాత్రుళ్ళు మంచు గడ్డకట్టి చెట్ల మొలకలు బతకవు, గాలి తగలని మడతల్లోనే చెట్లు నిలుస్తాయి. వాన నీళ్ళని ఈ గడ్డీ షోలా కలిసి పట్టి ఉంచి వాగుల్లోకి మెల్లగా వదులుతాయి. ఎదురుగా 2,695 మీటర్ల ఆనముడి, దక్షిణ భారతంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. నీలకురింజి మాత్రం ఆకులే చూశాం. పన్నెండేళ్ళకోసారి పూస్తుంది, 2018లో పూసింది, మళ్ళీ 2030లోనే. అప్పుడు కూడా తీసుకురావాలని అమ్మ అక్కడికక్కడే మాట తీసుకుంది.

బస సంగతి. మొదటి రెండు రాత్రులు ఊళ్ళో హోటల్లో దిగాం. వేడినీళ్ళు గంటసేపే, రాత్రంతా హారన్లు, డబ్బు దండగ. తర్వాత మరయూర్ రోడ్డులో ఒక హోమ్‌స్టేకి మారాం. తక్కువ అద్దె, వేడి పుట్టు (బియ్యప్పిండితో ఆవిరి మీద చేసే కేరళ టిఫిన్), కడల (శనగల) కూర, పార్కు కూడా దగ్గర. నేనైతే ఊళ్ళో దిగమని ఎవరికీ చెప్పను.

ఒకరోజు మిగిలితే చిన్నార్ అభయారణ్యానికి వెళ్ళండి. మరయూర్ దాటగానే చలి పోయి, మన శేషాచలంలా ఎండిన ముళ్ళ అడవి మొదలవుతుంది, ఎందుకంటే వానమబ్బుల్ని కొండలు అవతలే ఆపేస్తాయి. మనకి ఎర్రచందనం ఎలాగో మరయూర్‌కి శ్రీగంధం అలాగ, చెట్ల చుట్టూ కంచెలే. స్థానిక గిరిజన గైడుతో నడిచాం. మా కంటికి ఆనకముందే ఆయన బూడిదరంగు పెద్ద ఉడుతని, దాని పొడుగు తోకని చూపించాడు. జీపు సఫారీలకి పెట్టే డబ్బు ఇలాంటి గైడుకి ఇవ్వడం వెయ్యి రెట్లు మేలు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎరవికులం మూసేస్తారు, తార్‌లు ఈనే కాలం. టికెట్లు కొనేముందు తేదీలు చూసుకోండి.